గొళ్లేనికి వేలాడిన తువ్వాల

ముందుగా నా రాతను మన్నించండి. నేను ఐదో తరగతి దాకానే చదివాను. అక్షరాలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా పడతాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. మొన్న జ్ఞాపకార్థ కూడికలో అందరూ లేచి మా పాస్టరు చిన్నయ్యగారి గురించి తలా రెండు మాటలు చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ లేచాను గానీ నోరు పెగల్లేదు. కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేనివే ఇక్కడ రాస్తున్నాను. మా ఆయన ఆటో నడుపుతాడు. తను తిరిగే ఊళ్లలో మన సంఘాల వాళ్ల ఇళ్లకు ఈ కాగితాలు చేరుస్తానన్నాడు. ఒకరు చదివాక ఇంకొకరికి ఇవ్వండి.

చిన్నయ్యగారు పోయారన్న సంగతి మాకు పత్తిచేను గట్టు మీద తెలిసింది. మా ఊళ్లో ఫోను సిగ్నలు ఆ గట్టు మీద తప్ప ఇంకెక్కడా అందదు. మా ఆయనా, సంఘపెద్దా ఆయన్ని ఆటోలో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాక ఆడవాళ్లమంతా వెళ్లి ఆ గట్టు మీదే నిలబడ్డాం. ఉత్త చేతులతో నిలబడలేక కొందరు వానకు తడిసిన పత్తి ఏరుతున్నారు. ఫోను మోగింది. "అయిపోయింది" అన్నాడు మా ఆయన. మా అత్త నా మొహం చూసి, ఒడిలో ఉన్న పత్తిని నేల మీద పోసేసి అక్కడే కూలబడింది.

మమ్మల్ని ఎరగని వాళ్లు కూడా ఇది చదువుతారేమో, కాస్త చెబుతాను. మా ఊరు అడవి అంచున ఉంది. ఒక పక్క పోడు చేలు, ఇంకో పక్క వాగు. గట్టి వాన పడితే ఆటో వాగు అవతలే ఆగిపోతుంది. ఇక్కడ సంఘం పుట్టి ఎంతో కాలం కాలేదు. పెద్దయ్యగారు సైకిలు మీద వచ్చి, నలుగురైదుగురిని కూర్చోబెట్టి, తర్వాత రేకుల మందిరం వేయించారు. నేను ఏన్కూరు దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చేనాటికి ఆయనే పాస్టరు. ఆ తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. ముదిగొండ దగ్గర కూతురింటికి తీసుకుపోయారు. పోయాక అక్కడి నుంచే, తాను కొడుకులా చూసుకుని చదివించిన ఒక యువకుణ్ణి మాకు అప్పగించారు. ఆయనే మా చిన్నయ్యగారు.

ఆయన వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. భుజాన ఒక సంచి, చేతిలో చాప. మీసం ఇంకా సరిగా దిగలేదు. సంఘపెద్ద మందిరం మెట్టు మీద కూర్చుని ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏంది, పెద్దయ్యగారు పాస్టర్ని పంపుతనంటే బడికి పోయే పిల్లగాన్ని పంపిండు."

"బడి అయిపోయిందన్నా. అందుకే పంపిండ్రు" అన్నారు చిన్నయ్యగారు నవ్వుతూ.

"నవ్వుడు సరే. గీ అడవిల ఉంటవా?"

"మీరు ఉంటలేరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సంఘపెద్ద నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన నోట "పిల్లగాడు" అన్న మాటే వచ్చేది. పిల్లగాడు లేచిండా, పిల్లగాడు మైకు పట్టుకున్నడా, పిల్లగానికి ఏం తెలుసు. పెళ్లి చేయాలన్నా, సమాధి చేయాలన్నా వేరే ఊరి నుంచి తలనెరిసిన పాస్టరును పిలిపించేవారు. చిన్నయ్యగారు కుర్చీలు వేసి, నీళ్లు పోసి, వెనక నిలబడేవారు. ఒకసారి మా ఇంట్లో జావ తాగుతూ, "ఈళ్లు నన్ను ఒక్కసారి 'మా అయ్యగారు' అంటే చాలు చెల్లె. ఇంకేం అడగ" అన్నారు. ఆయన కోరి అడిగింది నేను విన్నది అదొక్కటే.

ఆయన అలవాట్లు చిన్నవి. మందిరం బయట చిందరవందరగా పడి ఉన్న చెప్పులన్నీ జతలు కలిపి, ముందరి వైపు బయటికి తిప్పి పెట్టేవారు. ముసలివాళ్లు బయటికి రాగానే కాలు దూర్చుకుంటే చాలు. తిన్న కంచం ఎవరినీ కడగనిచ్చేవారు కాదు. తునికాకు కాలంలో కోయ ముసలమ్మల పక్కన కూర్చుని కట్టలు కడుతూ వాళ్ల మాట నేర్చుకునేవారు. తప్పు పలికితే వాళ్లు నవ్వేవారు, ఆయన మళ్లీ పలికేవారు. ప్రార్థన మాత్రం పొట్టిగా చేసేవారు. "ఆకలిగొన్నోళ్ల ముందల పొడుగు ప్రార్థన చేస్తే దేవుడు కూడ వంటింటి దిక్కే చూస్తడు" అనేవారు.

నాకు చదవడం మళ్లీ అలవాటు చేసింది ఆయనే. ఒక ఆదివారం నన్ను లేచి వాక్యం చదవమన్నారు. నేను తల వంచుకుని కూర్చుండిపోయాను. ఆయన బలవంతం చేయలేదు. మర్నాడు మా ఇంటికి వచ్చి, పొయ్యి ముందున్న నాతో, "ముందు పొయ్యికి చదివి వినిపియ్ చెల్లె. అది నవ్వదు, ఎవరికీ చెప్పదు" అన్నారు. అన్నం ఉడికేలోగా రోజూ కొంచెం పొయ్యికి చదివి వినిపించాను. మా అత్త విని, "పొయ్యికి రక్షణ దొరికింది, ఇగ మిగిలింది నేనే" అనేది. చలి పోయే నాటికి మందిరంలో నిలబడి చదవగలిగాను. తల ఎత్తలేదు గానీ చదివాను.

వాక్యం చెప్పేటప్పుడు ఆయన ఎక్కడ మొదలుపెట్టినా తిమోతి దగ్గరికి వచ్చేవారు. సంఘాలు అప్పుడప్పుడే పుడుతున్న తొలి రోజుల్లో, తిమోతి ఒక పెద్ద ఊరి సంఘాన్ని చూసుకున్న యువకుడట. అమ్మమ్మా, అమ్మా భక్తిలో పెంచిన పిల్లవాడు. తండ్రిది వేరే నమ్మకం. పౌలు అనే పెద్దాయన తిమోతిని కొడుకులా వెంట తిప్పుకుని, చివరికి ఒక్కణ్ణే ఆ ఊళ్లో ఉంచి పోయాడట. వయసేమో చిన్నది, చెప్పాల్సిందేమో తలనెరిసిన వాళ్లకు. ఊరికే కళ్లలో నీళ్లు వచ్చే మనిషి. పొట్ట ఎప్పుడూ బాగుండేది కాదట. చిన్నయ్యగారు ఇదంతా పక్క ఊరి మనిషి సంగతిలా చెప్పేవారు. "ఆయన ఊరు లుస్త్ర. మన ఏన్కూరు అంత ఉంటదనుకోండ్రి" అనేవారు. అది నా పుట్టింటి వైపు కాబట్టి నాకు నవ్వొచ్చేది.

చిన్నయ్యగారిని పెంచింది కూడా అమ్మమ్మే. ఆయన తండ్రి ఎన్నడూ చర్చికి వచ్చిన మనిషి కాదు. పొట్ట సంగతి మాకు తర్వాత తెలిసింది.

కథ చివర పౌలు చెరసాలలో పడతాడు. చలికాలం రాకముందే తన దగ్గరికి రమ్మని, వచ్చేటప్పుడు తాను ఎక్కడో వదిలి వచ్చిన అంగీ తెమ్మని తిమోతికి కబురు పెడతాడు. అక్కడికి వచ్చి చిన్నయ్యగారు ఆగేవారు. మా అత్త ప్రతిసారీ ఒకటే అడిగేది.

"ఇంతకీ పోయిండా, లేదా?"

"అది రాసి లేదవ్వా."

"గదేంది, సగంల ఇడిసిపెట్టుడు?"

"నాకైతే పోయిండనే అనిపిస్తది. పిలిచింది ఎవరు మరి."

ఆయన పొట్ట పట్టుకుని కూర్చోవడం మొదట చూసింది మా అత్తే. ఏ ఇంటికి పోయినా దైవసేవకుడికి అన్నం పెట్టకుండా పంపరు. మా వైపు కారం సంగతి మీకు తెలుసు. ఆయన వద్దనలేక తినేవారు, తర్వాత ముడుచుకుని కూర్చునేవారు. ఒక ఆదివారం మా అత్త కొంగు చాటున చిన్న కుండ పెట్టుకుని మందిరానికి వచ్చింది. అందులో తాటికల్లు.

"తిమోతి పొట్టకు పౌలయ్య ద్రాక్షారసం తాగుమన్నడని నువ్వే చెప్పితివి గద. మాకు ద్రాక్షలు ఏడున్నయ్? ఇది తాగు."

"అవ్వా, పౌలు కొంచెం అన్నడు. నువ్వు కుండ తెచ్చినవ్."

ఆ రోజు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు అందరూ. ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వారు. బయటికి వచ్చాక సంఘపెద్ద చెప్పులు తొడుక్కుంటూ, ఆయనకు వినబడేటట్టే, "మనకు పాస్టరు దొరికిండా, పేషెంటు దొరికిండా? పొట్ట పట్టుకొని మూలిగేటోడు రోగులకు ఏం ప్రార్థన చేస్తడు" అన్నాడు.

ఆ మాట తర్వాత చిన్నయ్యగారు తన పొట్ట గురించి మళ్లీ ఎత్తలేదు. అడిగితే "తగ్గింది చెల్లె" అనేవారు. తగ్గిందనే మేమంతా నమ్మాం.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్దయ్యగారి కాలం నుంచీ ఉన్నదే. పాస్టరు ఉపవాస ప్రార్థనలో కూర్చుంటే తన గది తలుపు గొళ్లేనికి బయట తువ్వాల వేలాడదీస్తాడు. తువ్వాల ఉన్నంతవరకు ఎవరూ తలుపు తట్టరు, పిలవరు. వంట వాసన తగిలితే ఉపవాసం కష్టమని జావ కూడా తీసుకుపోము. పిల్లలను వాగు వైపు తోలేస్తాం. మన సంఘం కాని కోయ తాత కూడా తువ్వాల కనబడితే మేకలను అటునుంచి అటే మళ్లించుకుపోయేవాడు.

పోయిన వానాకాలంలో ఆ తువ్వాల తరచుగా కనబడసాగింది. ఒక పూట, ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సంఘపెద్ద ముఖం మారింది. తువ్వాల ఉన్నప్పుడు తానే మెట్టు మీద కూర్చుని, గట్టిగా మాట్లాడే వాళ్లను కసిరేవాడు. ఒకరోజు మా అత్తతో, "గిప్పుడు పాస్టరు లెక్క కనబడుతుండు" అన్నాడు. ఆ మాట చిన్నయ్యగారి చెవిన పడింది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి జావ అడిగి తాగారు. చాలా సంతోషంగా ఉన్నారు.

పత్తి పగిలే రోజుల్లో పెద్దయ్యగారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. కూతురు చెవి దగ్గర పెట్టి మాట్లాడించిందట. చలి ముదరకముందే ఒకసారి వచ్చి పొమ్మని, మందిరం పెట్టెలో తన ఊలు రగ్గు ఉండిపోయింది, అది తెచ్చి పెట్టమని. చిన్నయ్యగారు గట్టు మీద నుంచి మా ఇంటికి దాదాపు పరుగెత్తుకు వచ్చారు.

"విన్నవా చెల్లె, ఆయన కూడ రమ్మన్నడు, కప్పుకునేది తెమ్మన్నడు."

"ఈసారన్న కత పూర్తి చెయ్ అయ్యా" అంది మా అత్త.

"సోమవారం పోత అవ్వా. పోయొచ్చి చెప్త."

రగ్గు ఉతకమని నాకు ఇచ్చారు. వాగులో ఉతికి కంచె మీద ఆరేశాను. నీళ్లు పీల్చి అది మనిషంత బరువైంది. రెండు రోజులు ఎండ కాసి, మళ్లీ మబ్బు పట్టింది. అప్పుడే తువ్వాల గొళ్లేనికి ఎక్కింది. గురువు దగ్గరికి పోతున్నారు కాబట్టి ప్రార్థనలో కూర్చున్నారనుకున్నాం. ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. సంఘపెద్ద మెట్టు మీద కాపలా కూర్చున్నాడు. "ఈసారి గట్టిగ పట్టు పట్టిండు" అని మెచ్చుకున్నాడు కూడా.

ఆదివారం ఆయన బయటికి రాలేదు. మేమే పాటలు పాడుకుని, మెల్లగా అడుగులు వేసుకుంటూ ఇళ్లకు పోయాం. ఆ రాత్రి గాలీవానా. తెల్లారి చూస్తే తువ్వాల బురదలో పడి ఉంది. మా అత్త అక్కడే నిలబడిపోయింది.

"తువ్వాల కింద పడ్డది. ఆయన చూస్తే ఊకుంటడా?"

"ప్రార్థనల ఉన్నడు, లేపకు" అన్నాడు సంఘపెద్ద.

"లేపుతలేను. ఉతికి మళ్ల ఏస్త."

వంగి తువ్వాల తీసేటప్పుడు తలుపు సందులో నుంచి ఆమెకు మూలుగు వినబడింది. "బిడ్డా, తలుపు తియ్" అంది. తీయలేదు. సంఘపెద్ద గడ్డపార తెచ్చి తలుపు ఊడబెరికాడు. చిన్నయ్యగారు చాప మీద మోకాళ్లు పొట్టకు పెట్టుకుని ముడుచుకుని ఉన్నారు. చాప పక్కన నల్లగా వాంతి. కళ్లు తెరిచి సంఘపెద్దనే చూసి, "ఏం లేదన్నా, తగ్గుతది" అన్నారు.

వాగు పొంగి ఆటో అవతలే ఉంది. సంఘపెద్ద ఆయన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తుకుని, నడుము లోతు నీళ్లలో దాటించాడు. గోదావరి వంతెన మీదికి వచ్చినప్పుడు చిన్నయ్యగారు మా ఆయన్ని, "రగ్గు ఆరిందా?" అని అడిగారట. ఆరింది అయ్యగారూ అన్నాడట. ఆరలేదు. అప్పటికీ మా చూరు కింద నీళ్లు కారుతూనే ఉంది.

లోపల పుండు ఎప్పటి నుంచో ఉందని, అది పగిలిపోయిందని డాక్టరు చెప్పాడు. "ఇంత నొప్పి ఉంటే మీకెవరికీ చెప్పలేదా?" అని అడిగాడట. "ప్రార్థనల ఉన్నడనుకున్నం సారూ" అన్నాడట సంఘపెద్ద.

సమాధికి ముందు మేం ఆడవాళ్లం ఆ గది కడగడానికి పోయాం. చాప ఎత్తితే కింద మాత్రల అట్టలు, అన్నీ ఖాళీ. గోడ వార గ్యాసు మందు సీసాలు వరసగా, చెప్పులు పేర్చినట్టే పేర్చి ఉన్నాయి. తువ్వాల ఎన్ని పూటలు ప్రార్థన కోసం వేలాడిందో, ఎన్ని పూటలు నొప్పి దాచడానికి వేలాడిందో ఇక తెలిసే దారి లేదు. మా అత్త ఒక సీసా చేతిలోకి తీసుకుని, మూత బిగించి, మళ్లీ అక్కడే పెట్టింది.

ఆయన తండ్రి వచ్చాడు. నుదుట బొట్టుతో, చేతిలో బస్సు సంచితో మందిరం గుమ్మం బయట నిలబడి, "లోపలికి రావొచ్చునా?" అని అడిగాడు. సంఘపెద్ద లేచి చేయి పట్టుకుని తీసుకొచ్చి శవపెట్టె పక్కన కూర్చోబెట్టాడు. ఆ తండ్రి అడిగాడు.

"మావోడు మంచిగ చెప్పేటోడా ఇక్కడ? నేనెన్నడు వినలే."

సంఘపెద్ద ఆయన వైపు తిరిగాడు.

"మా అయ్యగారు మస్తు చెప్పేటోడు" అన్నాడు.

నేను పెట్టె వైపు చూశాను. ఎందుకు చూశానో మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మందిరానికి తాళం ఉంది. వేరే సేవకుణ్ణి పంపుతామన్నారు గానీ ఎవరూ రాలేదు. ఒకవేళ వచ్చినా, ఆయన ఏ గదిలో ఉంటాడు, ఏ తలుపు వేసుకుంటాడు? సంఘపెద్ద ఆదివారాలు వచ్చి మెట్టు మీద కూర్చుంటాడు, తాళం తీయమంటే తీయడు. కూడికలో పెద్దలు చాలా మంచి మాటలు చెప్పారు. ఆయన పరుగు ముగించాడన్నారు, దేవుడి చిత్తం అన్నారు. తప్పని అనే చదువు నాకు లేదు. కానీ ఆ మాటలు నాకు ఆనలేదు. పొయ్యి ముందు కూర్చుంటే వాక్యం తీయబుద్ధి కావడం లేదు. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే తలుపే కనబడుతుంది, తలుపు ఇవతల మేమంతా మునివేళ్ల మీద నడుస్తూ కనబడతాం. ఒక్కరైనా గట్టిగా అడుగు వేసి ఉంటే అన్న దగ్గరే నా ప్రార్థన ఆగిపోతుంది.

ఇక ఈ కాగితం సంగతి. దీన్ని చివరగా చదివిన వాళ్లు దయచేసి దాచుకోవద్దు. పొయ్యిలో వేసేయండి. చిన్నయ్యగారు నాకు చూపించిన మొదటి శ్రోత అదే, ఎవరికీ చెప్పదు. ఇది ఏ దారినో ముదిగొండ వైపు పోయి పెద్దయ్యగారి చేతిలో పడకూడదు. ఆయనకు ఇంకా తెలియదు.

రగ్గు ఆరాక నేనూ మా ఆయనా తీసుకుపోయి ఇచ్చాం. కూతురు గేటు దగ్గరే ఆపి, "చెప్పకుండ్రి, గుండె కూడ మంచిగ లేదు" అని చేతులు పట్టుకుంది. పెద్దయ్యగారు రోడ్డు వైపు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని చూసి, మా వెనక చూశారు.

"వాడేడి?"

"పని పడ్డది అయ్యగారూ. వస్తరు" అన్నాడు మా ఆయన.

"పొట్ట ఎట్లుంది వానికి? ఉపవాసాలు వద్దని చెప్పిన. వింటుండా?"

మా ఆయన నా వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి, అందరి ముందు, తల ఎత్తి నేను మాట్లాడాను. "అవ్ అయ్యగారూ, వింటుండు" అన్నాను.

రగ్గు విప్పి ఆయన మీద కప్పబోయాను. బాగున్న చేత్తో ఆపారు. "వద్దు బిడ్డా, మడత పెట్టు. వాడొచ్చి కప్పుతడు" అన్నారు. మడిచి ఒళ్లో పెట్టాను. చలి మొదలైంది, ఆయన చేతుల మీద వెంట్రుకలు లేచి ఉన్నాయి. అప్పుడే రోడ్డు మీద ఒక బస్సు ఆగింది. పెద్దయ్యగారు రగ్గు మీద చేయి వేసుకుని కిటికీ వైపు వంగారు. దిగిన వాళ్లంతా వెళ్లిపోయాక కూడా అలాగే వంగి చూస్తున్నారు.